హైదరాబాదు ఫుట్‌బాల్‌లో వట్టికాళ్ళ ఆట

వట్టికాళ్ళ ఆట అనగా బూట్లు ధరించకుండా ఫుట్‌బాల్ ఆడే పద్ధతి. పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి 1950వ దశకపు తొలి సంవత్సరాల వరకు భారతదేశంలో ఈ పద్ధతి విస్తారంగా వాడుకలో ఉండేది. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల ఆటగాళ్ళు కూడా ఈ వాతావరణంలోనే ఆట నేర్చుకున్నారు. దేశమంతా వట్టికాళ్ళ నుండి బూట్లకు మారుతున్న దశలో హైదరాబాదు జట్టు భారత ఫుట్‌బాల్‌లో అగ్రస్థానానికి చేరుకున్నది. ఈ మార్పును ముందుండి నడిపించినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909 - 1963).

ఈ చరిత్రను సాధారణంగా "బూట్లు లేక ఓడిపోయారు, బూట్లు వేసుకున్నాక గెలిచారు" అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. జరిగినది అంత సులువుగా తేలే విషయం కాదు. ఆ కాలంలో మారినది పాదరక్ష ఒక్కటే కాదు, బంతిని తన్నే తీరు కూడా. రెండవ మార్పు మొదటిదానికంటె ముందే మొదలయినది, ఎక్కువ ఫలితాన్ని ఇచ్చినది కూడా అదే.

వట్టికాలు, బూటుకాలు: తన్నులో తేడా

బంతిని తన్నడానికి పాదంలో అనేక భాగాలు పనికివస్తాయి. బలమైన దెబ్బకు మీగాలు, అనగా పాదపు పైభాగం, వాడతారు. గురి తప్పకుండా దగ్గరివానికి అందించడానికి పాదపు లోపలి అంచు, బంతిని వంపు తిప్పి పంపడానికి బయటి అంచు, దొర్లే బంతిని ఆపడానికి అరికాలు, వెనుకకు నెట్టడానికి మడమ ఉపయోగపడతాయి. వీటిలో బూటు లేనివానికి పనికిరానిది ఒక్కటే, కాలి మొన. వేసవిలో నూజివీడు మామిడి తోటలలో రాలిన కాయను కాలివేళ్ళతో తన్నిన పిల్లవాడు రెండవమారు ఆ పని చేయడు. వేళ్ళను కిందికి వంచి, చీలమండను బిగించి, మీగాలితో తన్నడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాడు. వట్టికాళ్ళ ఆటగానికి మొదటి పాఠం ఇదే. ఆ కాలపు ఆంగ్లేయ సైనికులు ధరించిన బూట్లు చీలమండ పైదాకా వచ్చేవి, వాటి మొన గట్టిగా ఉండేది. వాటితో మొనదెబ్బ కొట్టడం సులభం, కానీ ఆ దెబ్బకు గురి తక్కువ.

బూటు లేనందువలన తన్నులో బలం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఇటీవలి కాలంలో జర్మనీలో జరిగిన ప్రయోగాలలో, నొప్పిని ఓర్చుకోగలిగిన ఆటగాళ్ళు వట్టికాలితో తన్నిన బంతి వేగం బూటుతో తన్నినదానికంటె తగ్గలేదని తేలినది. వట్టికాలితో తన్నేటప్పుడు చీలమండను మరింతగా చాపవచ్చును, పాదం బరువు కూడా తక్కువ. చర్మానికి బంతి నేరుగా తగులుతుంది గనుక దాని వేగం, తిప్పుడు వెంటనే తెలుస్తాయి. ఒక్క అడుగు స్థలంలో దిశ మార్చడం, బంతిని కాలికి అంటించుకున్నట్లు తీసుకొనిపోవడం వట్టికాళ్ళవారికి సహజంగా అబ్బిన విద్య.

అసలు లోపం మరొకచోట ఉన్నది. నియమాల ప్రకారం బంతి బరువు ఆట మొదట్లో 410 నుండి 450 గ్రాముల మధ్య ఉండాలి. నాటి బంతి తోలుతో కుట్టినది, లోపల రబ్బరు తిత్తి, మూతికి తోలు తాడుతో బిగింపు. వాన పడితే తోలు నీరు పీల్చుకొని బరువెక్కేది. ఆట మొదట్లో తూచిన బరువు ఆట చివరకు ఉండేది కాదు. తాడు ముడి మీగాలికి తగిలితే చర్మం చీరుకుపోయేది. బురదలో వట్టిపాదానికి పట్టు దొరకదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇద్దరూ ఒకేసారి బంతి మీదికి కాలు చాపినప్పుడు ఎదుటివాని కాలికి మేకుల బూటు ఉంటే వట్టికాలు వెనుకాడుతుంది. అది పిరికితనం కాదు, పాదం తన్ను తాను కాపాడుకొనే పద్ధతి.

ఈ వెనుకాట నుండే ఒక ఆటతీరు పుట్టినది. ప్రత్యర్థి బూటుకు అందకుండా బంతిని దాచుకోవాలి గనుక ఆటగాడు దానిని ఎక్కువసేపు తనవద్దనే ఉంచుకొని, ఒకరిని, ఇద్దరిని తప్పించుకుంటూ సాగేవాడు. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. చూడడానికి ఎంతో అందమైనది, ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ దీనికే. అయితే ఒకడు బంతితో విన్యాసం చేస్తుండగా మిగిలిన పదిమంది నిలబడి చూస్తుంటారు, ఎదుటి జట్టు తన స్థానాలలోకి తిరిగి సర్దుకుంటుంది. పొడి నేలపై, చిన్న మైదానంలో ఈ లోపం బయటపడదు. పెద్ద పోటీలో బయటపడుతుంది.

నేపథ్యం

ఫుట్‌బాల్ మన దేశానికి ఆంగ్లేయ సైన్యంతో వచ్చినది. సిమ్లాలో 1888లో డ్యూరాండ్ కప్పు, ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే బొంబాయిలో రోవర్స్ కప్పు మొదలయినాయి. చాలాకాలం వాటిలో గెలిచినవి సైనిక పటాలాల జట్లే. దక్కనులో ఈ ఆటకు ద్వారం సికింద్రాబాదు కంటోన్మెంటు. సిపాయిలు ఆడుతుంటే గట్టున నిలబడి చూచిన పిల్లలు, బంతి బయటకు వచ్చినప్పుడు తన్ని లోపలికి పంపినవారు, క్రమంగా తమ బస్తీలలో జట్లు కట్టుకున్నారు.

వట్టికాళ్ళ ఆటకు దేశవ్యాప్తమైన గౌరవం తెచ్చినది 1911 జూలై 29న కలకత్తాలో జరిగిన ఐ.ఎఫ్.ఏ. షీల్డు అంతిమ పోటీ. అందులో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించినది. విజేతలలో ఒక్కరు తప్ప మిగిలిన పదిమంది వట్టికాళ్ళతోనే ఆడారు. బూటుకాలిని వట్టికాలు గెలిచినదన్న ఆ సంతోషం స్వాతంత్ర్యోద్యమ కాలపు ఆత్మగౌరవంలో కలిసిపోయినది. ఆ తరువాత నలభై సంవత్సరాలు బూట్లు వేసుకోమని ఆటగాళ్ళకు చెప్పడం కష్టం కావడానికి ఇదొక కారణమనుకోవచ్చును. పేదరికం మరొక కారణం. దీనిని మొదటిదానితో కలిపి చూడాలి గాని దాచవలసిన పనిలేదు. ఒక జత బూట్ల ఖరీదు సాధారణ కుటుంబానికి భారమే.

కలకత్తా లీగును 1934 నుండి 1938 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచిన మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు వాన తడిసిన మైదానాలపై బూట్లు వాడి లాభం పొందినది. కలకత్తాలో లీగు పోటీలు వర్షాకాలంలోనే జరుగుతాయి గనుక అక్కడ ఈ తేడా కొట్టవచ్చినట్లు కనబడినది. హైదరాబాదు నేల వేరు. మొరం కలిసిన గట్టి నేల, ఏడాదిలో ఎక్కువకాలం పొడిగా ఉంటుంది, బంతి వేగంగా దొర్లుతుంది, ఎత్తుగా ఎగురుతుంది. ఇటువంటి నేలమీద పెరిగిన ఆటగానికి బంతిని త్వరగా అదుపుచేయడం, అది లేవకముందే తన్నడం తప్పనిసరి.

రహీం, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసాడు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినాడు. 1950 నుండి మరణించేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. భారత జట్టుకు కూడా ఇంచుమించు ఇదే కాలంలో శిక్షణ ఇచ్చాడు. అందరూ ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

ఆయన ముందు ఉన్న సమస్య తరగతి గదిలో ఉపాధ్యాయునికి ఎదురయ్యే సమస్య వంటిదే. పిల్లలకు ఒక విద్య బాగా వచ్చును, ఆ విద్యే రెండవదానిని నేర్చుకోనివ్వడం లేదు. వట్టికాళ్ళతో పెరిగిన ఆటగానికి బంతిపై అదుపు పుష్కలంగా ఉన్నది, అందువలననే దానిని వదలబుద్ధి కాదు. ఉపన్యాసంతో ఈ అలవాటు పోదని గ్రహించిన రహీం పోటీల నియమాలనే మార్చివేసాడు.

ఆయన హైదరాబాదులో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను ఏర్పాటు చేసాడు. వీటిలో బంతి అందుకున్నవాడు దానిని తీసుకొని పరుగెత్తరాదు, వెంటనే మరొకరికి అందించాలి. ఇటువంటి ఆటలో గెలవాలంటే బంతి రాకముందే తరువాత ఎవరికి పంపాలో ఆలోచించుకొని ఉండాలి, బంతి లేనివాడు ఖాళీ స్థలానికి పరుగెత్తి ఉండాలి. నిలబడి చూచే అవకాశం ఎవరికీ ఉండదు. మరొక రకం పోటీలలో ఆటగాళ్ళు తమ బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితోను ఆడాలన్నమాట. మొదట్లో ఇది చూచేవారికి నవ్వు తెప్పించి ఉంటుంది. కుడిచేతితో రాసేవానికి ఎడమచేతికి బలపం ఇచ్చినట్లే గదా. ఫలితం మాత్రం నవ్వులాట కాదు. రెండు కాళ్ళతోను తన్నగలవానికి బంతిని వాటమైన కాలి మీదికి మార్చుకొనే అవసరం లేదు. ఆ మార్పిడికి పట్టే ఒక్క క్షణంలోనే ప్రత్యర్థి వచ్చి మీద పడతాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ రెండు అభ్యాసాలలోను బూట్ల ప్రసక్తి లేదు. వట్టికాళ్ళతో ఆడినా, బూట్లతో ఆడినా ఒకే విధంగా పనికివచ్చేవి. రహీం మార్చదలచినది కాలికి ఉన్న తొడుగును కాదు, కాలికి బంతికి మధ్య ఉండే సంబంధాన్ని. బంతి తనదనుకొనే చోట అది జట్టుదని, తన కాలు దానికి ఒక మజిలీ మాత్రమేనని నేర్పడం.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు రోవర్స్ కప్పును గెలుచుకున్నది. 1950 డ్యూరాండ్ కప్పు అంతిమ పోటీలో మోహన్ బగాన్‌తో మొదటి ఆట 2-2తో సమానంగా ముగియగా, తిరిగి ఆడిన ఆటలో 1-0తో గెలిచినది. 1954, 1957లలో మళ్ళీ డ్యూరాండ్ కప్పు సాధించినది. రాష్ట్రావతరణ తరువాత ఈ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారి 1961లో డ్యూరాండ్ కప్పును మరొకసారి తెచ్చినది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో వరుసగా గెలుచుకున్నది. కలకత్తా క్లబ్బులకు ఉన్న ధనబలం, ప్రేక్షకబలం లేని ఒక పోలీసు జట్టు ఇంతటి విజయాలు సాధించడం విశేషం.

లండన్ నుండి హెల్సింకీ వరకు

స్వతంత్ర భారత జట్టు మొదటి ఒలింపిక్ ఆట 1948 జూలై 31న లండన్ సమీపంలోని ఇల్‌ఫర్డ్‌లో జరిగినది. ప్రత్యర్థి ఫ్రాన్సు. మన జట్టులో ఎక్కువమంది వట్టికాళ్ళతోనే ఆడారు, కొందరు చీలమండలకు పట్టీలు చుట్టుకున్నారు. భారత్ 2-1తో ఓడిపోయినది. మన గోలు సారంగపాణి రామన్ చేసాడు. లభించిన రెండు పెనాల్టీలు వృథా అయినాయి. పెనాల్టీ అనగా పన్నెండు గజాల దూరం నుండి, ఎదుట గోల్‌కీపర్ ఒక్కడే ఉండగా, నిలిపి ఉంచిన బంతిని తన్నడం. అక్కడ ప్రత్యర్థి బూటు భయం లేదు. కాబట్టి ఆ ఓటమిని వట్టికాళ్ళ మీదికి నెట్టడానికి వీలులేదు. తమది ఫుట్‌బాల్ అని, ఇతరులది బూట్‌బాల్ అని జట్టు నాయకుడు తాలిమెరెన్ ఆవ్ చమత్కరించినట్లు ప్రసిద్ధి.

1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు భారత్ అర్హత పొందికూడా వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వనందున మానుకున్నదన్న కథ దేశమంతా వ్యాపించినది, నేటికీ పత్రికలలో కనిపిస్తూనే ఉంటుంది. ఇది సరికాదు. దూర ప్రయాణం, ఖర్చు, సాధనకు చాలినంత సమయం లేకపోవడం, ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్పును మన ఫుట్‌బాల్ సమాఖ్య చిన్నచూపు చూడడం అసలు కారణాలు. బూట్ల సంగతి కారణం కాదని ఆనాటి ప్రముఖ ఆటగాడు శైలెన్ మన్నా తరువాతి కాలంలో స్పష్టంగా చెప్పాడు.

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత జట్టు ఇండొనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తోను, అంతిమ పోటీలో ఇరాన్‌ను 1-0తోను ఓడించి స్వర్ణ పతకం గెలుచుకున్నది. అంతిమ పోటీలో గోలు చేసినది మేవాలాల్. హైదరాబాదు పోలీసు జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఆ జట్టులో ఉన్నారు.

మరుసటి సంవత్సరం పరిస్థితి తలక్రిందులైనది. 1952 జూలై 15న హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడిపోయినది. మన ఏకైక గోలు బెంగుళూరు ఆటగాడు అహ్మద్ ఖాన్ చేసాడు. జట్టులో చాలామంది ఆనాడు కూడా వట్టికాళ్ళతోనే దిగారు. ఫిన్లాండు చలికి పాదాలు మొద్దుబారాయి. స్పర్శ మీద ఆధారపడిన ఆటకు ఆ స్పర్శే పోతే మిగిలేది ఏమున్నది?

అయినా న్యాయంగా చూస్తే ఆ యుగొస్లావియా జట్టు సామాన్యమైనది కాదు. తరువాతి ఆటలో సోవియట్ యూనియన్‌పై ఒక దశలో 5-1 ఆధిక్యంతో ఉండి, చివరకు 5-5తో నిలిచి, తిరిగి జరిగిన ఆటలో గెలిచినది. అంతిమ పోటీలో హంగరీకి తలవంచి రజతం పొందినది. అటువంటి జట్టు ముందు బూట్లు ధరించిన ఎందరో నిలువలేకపోయారు. రెండు జట్ల మధ్య పెద్ద తేడా బంతి కదిలే వేగంలో ఉన్నది. వారు బంతిని అందుకున్న వెంటనే పంపేవారు, మనవారు అందుకొని, చూచి, ఒకరిని తప్పించి, అప్పుడు పంపేవారు. హైదరాబాదు పోటీలలో రహీం సరిదిద్ద పూనుకున్న లోపమే ఇది. ఒక నగరంలో కొన్ని సంవత్సరాల సాధన దేశమంతటి అలవాటును మార్చడానికి ఇంకా చాలలేదు.

బూట్ల కాలం

హెల్సింకీ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసినది. నిర్ణయం కాగితం మీద సులభం, పాదం మీద కాదు. ఎన్నో ఏళ్ళు వట్టికాళ్ళతో ఆడినవానికి బూటు ఒక పరాయి వస్తువు. బొబ్బలు లేస్తాయి, పరుగులో అడుగు బరువుగా పడుతుంది, బంతి ఎక్కడ తగిలినదో తెలియదు. వయసు మళ్ళుతున్న నిపుణులకు ఈ మార్పు కష్టమైనది. యువకులు, ముఖ్యంగా బంతిని తమవద్ద ఉంచుకోకుండా పంపడం నేర్చుకున్నవారు, త్వరగా అలవాటుపడ్డారు. ఒక్క తాకుడుతో ఆడేవానికి చర్మస్పర్శ పోవడం వలన కలిగే నష్టం తక్కువ, బురదలో పట్టు దొరకడం వలన, ఎదురుకాలికి జంకకపోవడం వలన కలిగే లాభం ఎక్కువ. హైదరాబాదువారు ఈ మార్పులో తడబడకపోవడానికి రహస్యం ఇదే కావచ్చును.

బూట్లు దొరకడం కూడా అందరికీ ఒక్కతీరుగా లేదు. సికింద్రాబాదులోని అమ్ముగూడలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలోనివాడు. పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవానిచేత మార్పించుకొని ఆడినట్లు ఆయన జీవిత కథనాలలో కనిపిస్తుంది. రహీం కంటబడిన ఈ యువకుడు ఇరవై ఏళ్ళకే ఒలింపిక్ జట్టులో చేరాడు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి భారత జట్టు అంతా బూట్లతో ఉన్నది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదు ఆటగాళ్ళు అందులో ఉన్నారు. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్స్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతడే. సెమీఫైనల్లో ప్రత్యర్థి మళ్ళీ యుగొస్లావియా. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ తిన్న దేశం ఈసారి మొదటి గోలు తానే చేసినది. చివరకు 4-1తో ఓడిపోయినది, కాంస్య పతక పోటీలో బల్గేరియా 3-0తో గెలవగా నాలుగవ స్థానంతో తిరిగివచ్చినది. నాలుగవ స్థానమంటే పతకం లేని స్థానమే. కానీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకుమించిన స్థానం మరెన్నడూ పొందలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో 1-1తో సమానంగా నిలిచి, హంగరీ చేతిలో 2-1తోను, పెరూ చేతిలో 3-1తోను ఓడిపోయినది. ఓడిన రెండు ఆటలలోను మన గోలు బలరాందే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల అంతిమ పోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ రెండవసారి స్వర్ణం గెలిచినది. గోల్స్ చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. గోల్ కాచినవాడు హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. అప్పటికే రహీం కాన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న మరణించాడు.

తన్ను విలువ: అమెరికాతో ఒక పోలిక

నియమాలో, పరికరాలో మారినప్పుడు ఆటలో తన్ను విలువ మారిపోవడం ఒక్క హైదరాబాదు అనుభవం కాదు. దీనికి అమెరికన్ ఫుట్‌బాల్ మంచి ఉదాహరణ. నేడు అది బంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆటగా అందరికీ తెలుసు. కానీ 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన తొలి ఆటలో జట్టుకు 25 మంది ఉండేవారు, బంతిని పట్టుకొని పరుగెత్తడం నిషిద్ధం. రట్గర్స్ 6-4తో గెలిచినది. ఆ తరువాత 1874లో కెనడాకు చెందిన మెక్‌గిల్ జట్టుతో ఆడిన హార్వర్డ్ విద్యార్థులు రగ్బీ పద్ధతికి ముగ్ధులు కావడంతో బంతి చేతికి వచ్చినది. అయినా తన్ను విలువ వెంటనే తగ్గలేదు. 1883లో పాయింట్లు నిర్ణయించినప్పుడు మైదానం నుండి తన్ని చేసిన గోలుకు 5, టచ్‌డౌన్ తరువాత తన్నిన గోలుకు 4 ఇచ్చి, బంతిని గీత దాటించిన టచ్‌డౌన్‌కు 2 మాత్రమే ఇచ్చారు. అంటే పరుగుకంటె తన్ను రెట్టింపునకు పైగా విలువైనది. తరువాత ఈ లెక్క మెల్లమెల్లగా తారుమారయినది. 1909లో తన్నుగోలు 3 పాయింట్లకు తగ్గినది, 1912లో టచ్‌డౌన్ 6 పాయింట్లకు పెరిగినది.

అక్కడ పాయింట్ల పట్టిక చేసిన పనిని ఇక్కడ రహీం పోటీల నియమాలు చేసినాయి. ఏ పనికి ఫలం దక్కుతుందో ఆటగాడు దానినే సాధన చేస్తాడు. మరొక విశేషం కూడా చెప్పుకోదగినది. మన దేశంలో వట్టికాళ్ళ ఆట అంతరించిన ముప్ఫై ఏళ్ళకు, 1980వ దశకంలో, అమెరికా వృత్తి ఫుట్‌బాల్‌లో టోనీ ఫ్రాంక్లిన్, రిచ్ కార్లిస్ అనే ఆటగాళ్ళు తన్నే కాలికి బూటు లేకుండా ఆడేవారు. 1987 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో కార్లిస్ వట్టికాలితో 48 గజాల దూరం నుండి గోలు చేసి నాటి రికార్డును సమం చేసాడు. వారికి బూట్లు కొనే స్థోమత లేక కాదు, మీగాలికి బంతి సరిగా తగులుతుందనే నమ్మకంతోనే. ఎదుటివారు మీద పడకుండా నియమాలు తన్నేవానికి రక్షణ ఇచ్చిన చోట వట్టికాలు వెనుకాడనవసరం లేకపోయినది.

తరువాతి కాలం

రహీం మరణం తరువాత కూడా కొంతకాలం హైదరాబాదు ప్రాభవం నిలిచినది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలుచుకున్నది. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ వంటివారు కలకత్తా క్లబ్బులలో పేరు తెచ్చుకున్నారు. నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం పొందినది. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమానంగా నిలిచినప్పుడు ఒక గోలు హబీబ్‌దే. అయితే మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే కలకత్తాకు తరలిపోవడంతో ఇక్కడి మైదానాలు వెలవెలబోయినాయి. బలహీనమైన కాలితో ఆడే పోటీలు కూడా ఆగిపోయినాయి. బలరాం 2023 ఫిబ్రవరిలోను, హబీబ్ అదే సంవత్సరం ఆగస్టులోను మరణించారు. రహీం జీవితం ఆధారంగా నిర్మించిన హిందీ చలనచిత్రం మైదాన్ 2024లో విడుదలయినది.

నేటి ఫుట్‌బాల్ నియమాలలో నాలుగవది ఆటగానికి తప్పనిసరి అయిన వస్తువులను పేర్కొంటుంది. చొక్కా, నిక్కరు, మేజోళ్ళు, పిక్కకవచాలతోపాటు పాదరక్షలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అధికారికమైన పోటీలలో వట్టికాళ్ళతో ఆడడానికి వీలులేదు. బడి ఆవరణలలో, కోత ముగిసిన పొలాలలో, తోటల మధ్య ఖాళీ స్థలాలలో పిల్లలు మాత్రం నేటికీ వట్టికాళ్ళతోనే బంతి తన్నుతున్నారు.